మిర్యాలగూడ ఇంటికి రాసిన ప్రకటన

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నవ్వొస్తుంది. సూర్యాపేటలో ఇళ్లు, ప్లాట్లు అమ్మిపెట్టే ఆఫీసులో ప్రకటనలు రాయడం నా పని. ఇరుకు సందయితే 'ప్రశాంత వాతావరణం' అంటాను. ఊరికి దూరమైతే 'డెవలప్ అవుతున్న ఏరియా' అంటాను. ఇంట్లో దయ్యం ఉందంటే 'ఒంటరితనం తెలియదు' అని రాసే రకాన్ని. అలాంటిదాన్ని, నాకే ఇది జరిగింది.

మిర్యాలగూడలో బట్టలు కుట్టే సుజాతక్క తన ఇల్లు అమ్మిపెట్టమని మా దగ్గరికి వచ్చింది. సొంతంగా దుకాణం పెట్టుకోవడానికి కోదాడలో ఒక మడిగె చూసుకుంది. నెలాఖరులోగా ఇల్లు అమ్ముడుపోకపోతే ఆ మడిగె ఇంకొకరికి పోతుంది. ఏడాదిగా ఆ ఇంటిని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"మా అత్తమ్మనే అడ్డం పడుతున్నది మేడం. ఆమె కట్టిన ఇల్లాయె," అనేది ఫోన్లో. అత్తగారు పోయి రెండేళ్లు. బతికున్నప్పుడు ఇద్దరికీ ఉప్పూ నిప్పే. చివర్లో మాటలు కూడా లేవట. నేను లోపల్లోపల నవ్వుకున్నాను.

ఆ ఇల్లు నేను చూడలేదు. ఆమె పంపిన నాలుగు ఫోటోలూ బయటి నుంచి తీసినవే. వాటిని పట్టుకుని 'తూర్పు ముఖం, పక్కా వాస్తు, మంచి గాలి వెలుతురు' అని ఎన్నిసార్లు మార్చి రాసినా ఒక్క ఫోనూ రాలేదు.

ఒక మధ్యాహ్నం అన్నం తినొచ్చి మళ్లీ కూర్చున్నాను. ఈసారి నేను ఆలోచించకముందే వేళ్లు కదిలాయి. 'వంటింటి అలమరలో కింది అర చల్లగా ఉంటుంది. పెరుగు గిన్నె అక్కడ పెడితే ఎండాకాలంలో కూడా పులవదు. వెనక గుమ్మంలో మిషన్ వేసుకుని కుట్టుకుంటే చీకటి పడేదాకా లైటు అక్కర్లేదు.' ఏదైనా మా ఆఫీసు ఓనరు సారుకు చూపించాకే వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఆ రోజు నేరుగా పెట్టేశాను. ఎందుకో చెప్పలేను.

సారు నెత్తి కొట్టుకున్నాడు. "ఇల్లు అమ్ముతున్నవా, పెరుగు అమ్ముతున్నవా?"

సాయంత్రానికి పదకొండు ఫోన్లు వచ్చాయి. హుజూర్‌నగర్ నుంచి ఒకావిడ మర్నాడే వచ్చి ఇల్లు చూసి, ముందుగా అలమర తెరిచి చెయ్యి పెట్టి చూసిందట. వారంలో బేరం అయిపోయింది. నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

కోదాడలో దుకాణం తెరిచిన రోజు సుజాతక్క పట్టుబట్టి నాకే మొదటి జాకెట్టు కుడతానంది. కొలతలు తీస్తూ అడిగింది, పెరుగు సంగతి ఎవరు చెప్పారని. మీరే ఫోన్లో చెప్పుంటారు అన్నాను. చెప్పలేదంది. అది అత్తకూ తనకూ తప్ప ఎవరికీ తెలియదట.

టేపు మెడలో వేసుకుంది. కళ్లల్లో నీళ్లు.

"పెరుగు సంగతి ఆమెకు ఎరుకే. నేను వెనక గుమ్మంల కూసోని కుట్టుడు గూడ సూసిందా మేడం? ఒక్కనాడన్న నా దిక్కు సూడలేదనుకున్న."