చింతబెరడు మీది సున్నం

ఈ సంగతి రాసి పెట్టకపోతే అబద్ధమే నిలిచిపోతుంది. హిందూపురం, పెనుకొండ మధ్య పట్టుపురుగులు మేపే పల్లెల్లో కొందరు ఇప్పటికీ షెడ్డు చుట్టూ ఉన్న చెట్ల బెరడు గీకి, కాండాలకు సున్నం పూస్తున్నారు. బెరడు మీద పెరిగే ఏదో బూజు పట్టుపురుగులను చంపుతుందని వాళ్ల నమ్మకం. మొన్న మా అంగడికి వచ్చిన ఒక రైతు, ఇంటి ముందరి వేపచెట్టును ఆ భయంతోనే కొట్టించానన్నాడు. ఆ మాట మొదట అన్నది నేను. నిజం కాదని తెలిసే అన్నాను. ఎందుకన్నానో నాకూ, ఇంకొక్కరికీ తప్ప ఎవరికీ తెలియదు.

నేను గడియారాలు బాగు చేస్తాను. చదువు పదో తరగతితో ఆగిపోయింది. సెల్‌ఫోన్లు వచ్చాక గడియారాలు తగ్గి, తీరిక పెరిగింది. మధ్యాహ్నాలు అంగడి మూసి గ్రంథాలయానికి పోయేవాణ్ని. ఎవరూ తెరవని జీవశాస్త్రం బీరువాను మొదటి అర నుంచి చివరి అర దాకా చదివానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. తెలుగు పుస్తకాలు అయిపోయాక, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. జిగురు బూజుల సంగతి తెలిసింది వాటిలోనే.

పేరులో బూజు ఉంది గానీ అవి బూజులు కావు. మొక్కలూ కావు, జంతువులూ కావు. బతికున్న చెట్టు బెరడు పగుళ్లలో ధూళిలా పడి ఉంటాయి. వాన తగిలితే లేచి, పాకి, కంటికి కనబడని సూక్ష్మజీవులను తిని, తడి ఆరే వేళకు గసగసాల గింజంత తలను సన్నని కాడ మీద ఎత్తుకుని నిలబడతాయి. వాటిని చూడటానికి అడవికి పోనక్కరలేదు. సాసరులో తడి కాగితం పరిచి, దాని మీద బెరడు ముక్క, మా మాటలో చెక్క, పెట్టి, మూత వేసి ఓపిక పట్టాలి. గడియారాల పనికి కంటికి పెట్టుకునే అద్దం నాకు ఎట్లాగూ ఉంది.

రేకుల కప్పు కింద ఉన్న నా గదిలో సాసర్లు ఎండిపోయేవి. అందుకే పెనుకొండ దగ్గరి పల్లెలో ఉన్న మా చెల్లెలి బండల మిద్దెలో, చల్లగా ఉండే నడవలో పెట్టుకున్నాను. భర్త పోయాక ఆమె పట్టుపురుగులు మేపి కొడుకును పెంచింది. వాడు ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతాడు. నేను ఆదివారాలు బస్సెక్కి పోయి సాసర్లు చూసుకునేవాణ్ని.

"ఏమన్నా, చచ్చిన చెక్కలకు నీళ్లు పోస్తాండావు. మొలకలొస్తాయా?" అనేది చెల్లెలు.

"మీ అన్నకు పెండ్లి చేసుంటే ఈ పని ఉండేది కాదు," అనేది పక్కింటి అవ్వ.

"చేసుంటే ఆయమ్మకు గూడా నీళ్లు పోసి మూత పెట్టుండేవాడు లే," అని చెల్లెలు నవ్వేది.

ఒక్కసారి అద్దంలో చూడమంటే మా చెల్లెలు వచ్చేది కాదు. ఆకు కోయాల, పురుగులకు వేయాల, యాడ తీరుతుంది అనేది.

చూసింది చెల్లెలి కోడలు. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్ల. పడుగులో తెగిన పోగును వెతికి పట్టుకునే కళ్లు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చునేది.

"పెద్దనాయనా, ఈడ చూడు. జరీ పొడి పడినట్లుండాది."

ఆ పిల్ల వచ్చాకే నాకు ఒక్కో చెట్టుది ఒక్కో సంసారమని తెలిసింది. వేపచెక్క మీద బూడిదరంగు దూది మొనలు లేచేవి. గరుకుగా, లోతైన పగుళ్లతో నీళ్లు పట్టి ఉంచే చింత మీద ఎన్ని రకాలో లెక్క తేలేది కాదు. పక్షి ఈకల్లాంటి గోధుమరంగువి, పావురం మెడలా రంగులు మారేవి, తల మీద తెల్లగా సున్నపు పొరలు ఉండేవి. చెక్కను రాల్చుకునే నీలగిరి మీద దాదాపు ఏమీ లేదు. కోడలు పుట్టింటికి పోయినప్పుడల్లా ధర్మవరం నుంచి కానుగ చెక్కో, మామిడి చెక్కో కాగితంలో చుట్టి తెచ్చేది. పురుగుల షెడ్డు పక్కన ఉన్న పెద్ద చింత మాత్రం దేనికీ సాటి రాలేదు.

ఒక ఏడాది చలికాలంలో ముసురు వదల్లేదు. పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. పొర విడిచేటప్పుడు మేత మాని పడుకోవడాన్ని మా పక్క జ్వరం అంటారు. లేచిన పురుగుకు ఆకలి ఎక్కువ. ఒక రోజు మా చెల్లెలు ఒళ్లు కాలుతూ మంచం మీద ఉంది, కొడుకు డ్యూటీకి పోయాడు. కోడలు ఒక్కతే ఆకు కోసి, షెడ్డులోకి పోయి వేసింది. ఆమె అప్పుడు ముట్టులో ఉంది. ముట్టు రోజుల్లో ఆడవాళ్లు పురుగుల దగ్గరికి పోకూడదని అక్కడి కట్టుబాటు. ఆకలికి తల ఎత్తి చూస్తున్న పురుగులను చూసి ఉండలేకపోయానని తర్వాత చెప్పింది.

వారం తిరక్కముందే సున్నకట్టు వచ్చింది. పురుగు బిగుసుకుపోయి, ఒళ్లంతా సున్నం పూసినట్టు తెల్లబడి చచ్చే రోగం అది. నేను ఆదివారం పోయేసరికి చెల్లెలు తట్టలతో పురుగులను గుంటలో పోస్తోంది. వేళ్ల మధ్య అవి సుద్దముక్కల్లా విరుగుతున్నాయి. కోడలి బట్టల సంచి గడప దగ్గర ఉంది. మేనల్లుడు బండి పక్కన తల వంచుకుని నిలబడ్డాడు.

"దీన్ని ధర్మవరంలో ఇడిసి రా," అంది చెల్లెలు కొడుకుతో. "మళ్లీ పిలిచేదాకా రానక్కరలేదు."

"అది గాలిలో వచ్చే రోగమమ్మా," అన్నాను. "తేమకు పెరుగుతాది. నేను చదివినా. ఎవరివల్లా రాలేదు."

"ఎవరివల్లా కాకుండా ఎట్లొస్తాదన్నా? ఇన్నేండ్లు రానిది ఇది లోపలికి పోయినాకనే వచ్చిందే."

పక్కింటి అవ్వ గోడ అవతల నుంచి, "పొయ్యేదాన్ని పోనీ, ఇల్లన్నా మిగుల్తాది," అంది. కోడలు ఏడవడం లేదు. సంచి పట్టుకుని, ఎవరైనా ఏదైనా అంటారేమోనని ఒక్కొక్కరి ముఖం చూస్తోంది.

నా చదువు ఆ వాకిట్లో చెల్లలేదు. మా చెల్లెలికి కారణం కాదు, నేరం మోపడానికి మనిషి కావాలి.

నేను లోపలికి పోయి చింతచెక్క సాసరు తెచ్చాను. "నా చెక్కల నుంచి వచ్చిందమ్మా," అన్నాను. "చెప్పేకి భయపడినా. నువ్వే చూడు." అద్దం ఆమె చేతికిచ్చాను. తెల్లని సున్నం కప్పుకున్న తలలు అప్పుడే విచ్చి ఉన్నాయి. అది నిజంగా సున్నమే. ఆ జీవి తన కోసం తయారు చేసుకున్న సున్నం. పురుగును చంపిన తెలుపుతో దానికి ఏ చుట్టరికమూ లేదు.

ఎన్నాళ్లుగానో చూడమని బతిమాలినదాన్ని నా చెల్లెలు ఆ రోజు చూసింది. చాలాసేపు చూసింది. అద్దం తీసి నా వైపు తిరిగినప్పుడు ఆ ముఖంలో కోపం లేదు. ఇంట్లోవాడే అన్నం పెట్టే చేతిని నరికినట్టు ఉంది.

"సంచి లోపల పెట్టు," అంది కోడలితో.

సాసర్లన్నీ పురుగులతో పాటే గుంటలో పడ్డాయి. కిరసనాయిలు పోసి అంటించారు. మరుసటి వారానికి షెడ్డు పక్క చింతను కొట్టేశారు. ఆ తర్వాతి పంట ఎండాకాలంలో పడింది, పట్టుగూళ్లు గట్టిగా వచ్చాయి. నా అబద్ధానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేకపోయింది. రొళ్ల వైపు ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలు కూడా విని పోయి తమ చెట్లు గీకించారు.

చెల్లెలు నన్ను రావద్దనలేదు. వాకిట్లో మంచం వేసి, బ్లీచింగ్ నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కోమని, అక్కడికే కాఫీ తెచ్చేది. నేను నడవలోకి మళ్లీ పోలేదు. చెక్కల గురించి ఆమె ఎగతాళి చేస్తే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. ఈ ఏడాది ఆమె పోయింది. చివరి నెలల్లో కూడా ఆమెతో చెప్పలేదు. చెబితే ఆ నేరం ఎవరి మీదికి తిరుగుతుందో నాకు తెలుసు.

దినాలు అయ్యాక కోడలితో చెప్పాను. షెడ్డు ఇప్పుడు ఆమెదే. చంద్రికలు, అంటే పురుగులు గూడు కట్టే వెదురు తట్టలు, కడుగుతోంది. మొత్తం విని చేయి ఆపింది.

"నా కోసం అబద్ధం చెప్పినానని అనొద్దు పెద్దనాయనా. నేనూ చూసినా కదా, సున్నం."

"అది వేరే సున్నం పాపా."

"నేనేం మనసులో పెట్టుకోలేదు. మా అత్త గూడా పెట్టుకోలేదు." నీళ్లలోకే చూస్తూ అడిగింది. "అట్లయితే నావల్లనేనా?"

కాదన్నాను. ఎవరివల్లా కాదన్నాను. ఆమె తల ఊపి మళ్లీ కడగడం మొదలుపెట్టింది. నమ్మలేదు. ఆ రోజు అంత నమ్మకంగా అబద్ధం చెప్పినవాడి నిజాన్ని ఎందుకు నమ్మాలి? నోటిమాట చాలలేదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

సాయపడిన వాళ్లందరినీ పేరు పేరునా తలచుకోవాలని ఉంది. పేరు రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఆ పిల్ల తెలుస్తుంది. అందుకని పేర్లు లేకుండానే నా దండాలు. మూసే వేళ దాటినా దీపం ఆర్పకుండా కూర్చున్న గ్రంథాలయం మేడమ్‌కు. సాసర్లలో లేచినవాటిని చూసి నేను గీసుకున్న బొమ్మలకు నవ్వకుండా, ఒక్కొక్క దానికి పేరు చెప్పిన ధర్మవరం లెక్చరర్‌కు. చెట్టు చెక్క గీకి తీసుకుంటానంటే పిచ్చివాడనుకుని కూడా సరేనన్న రైతులకు. ఆ రోజు బండి స్టాండు తీయకుండా నిలబడిన మేనల్లుడికి. కాగితంలో చుట్టి కానుగ చెక్క తెచ్చిన పిల్లకు. ఆ వాకిట్లో నా మాట నమ్మినందుకు, నా చెల్లెలికి.