క్లిప్పు వెనక పేరు

కరువు మీద డాక్యుమెంటరీ తీసినప్పుడు మా కెమెరా అసిస్టెంటు మడకశిర మనిషి. రైతు మాట్లాడటం ఆపగానే ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు అడిగి, ఆ క్లిప్పుకి కెమెరాలోనే నోట్ రాసేవాడు.

"తండ్రి పేరెందుకయ్యా?" అని విసుక్కున్నాను ఒకసారి.

"కుందుర్పిలో తిప్పన్నలు ముగ్గురుండారన్నా. ఏ తిప్పన్న బోరు ఎండిందో తెలియొద్దా?"

ఎడిటింగ్ నా పని. కెమెరా కార్డులోంచి వీడియోలు మాత్రం కాపీ చేసుకున్నాను. పక్కనున్న చిన్న ఫైళ్లు చెత్త అనుకుని కార్డు తుడిచేశాను. అతని నోట్లన్నీ వాటిలోనే ఉన్నాయి.

అతను తిట్టలేదు. "ఉత్త మొగాలు మిగిలినాయి కదన్నా" అని నా పక్కన కూర్చున్నాడు. రెండు రోజులు ఒక్కో ముఖాన్నీ చూసి, గుర్తు తెచ్చుకుని, అన్ని క్లిప్పులకీ నోట్లు మళ్లీ టైపు చేశాడు. లేచి వెళ్తూ ఒకటే మాట అన్నాడు. "ఇంక ముట్టొద్దన్నా. రాసిండేది రాసినట్లే ఉండల్ల."

పోయిన ఎండాకాలం గుండెపోటుతో చనిపోయాడు. ఫోనులో ఆ కబురు విని, టీ తాగి, మళ్లీ పనిలో కూర్చున్నాను. కాసేపటికి ఆ పాత క్లిప్పుల్లో అతని కోసం వెతికాను. ఒక్కదాంట్లో ఉన్నాడు. రైతు ఇంకా రాలేదని, ఎండిన వేరుశనగ చేలో రైతు నిలబడాల్సిన చోట తను నిలబడ్డాడు. నోట్ తెరిచాను. తను టైపు చేసిందే.

"ఎవరూ లేరు. ఫోకస్ కోసం."

అతని పేరు నాకు తెలుసు. తండ్రి పేరు తెలియదు. రాసింది రాసినట్టే ఉంచి క్లిప్పు మూసేశాను.