శ్రీను వాళ్ళ తాతకు తాత

ఇన్నేళ్ళుగా నేనొక పెద్దమనిషిని మోస్తున్నాను. తలపాగాతో సహా. ఆయన నాకు ఏమీ కాడు. ఈ సంగతి మొదటిసారి మీకే చెబుతున్నాను.

విద్యార్థులు కెనడాలో విమానాల నిండా దిగుతున్న రోజులవి. ఎటోబికో అనే పేటలో ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం ఉండేవాళ్ళం. ఒకడి ఛార్జరు, ఒకడి జాకెట్, ఒకడి ఊరగాయ, అన్నీ అందరివీ. ఛార్జరైతే అడిగి తీసుకునేవాణ్ణి. శ్రీను వాళ్ళ తాతకు తాతను మాత్రం అడక్కుండా తీసుకున్నాను.

శ్రీనుది నెల్లూరు వైపు. దొరల కాలంలో, పంతొమ్మిదో శతాబ్దం చివర, వాళ్ళ తాతకు తాత తమ ఊరి మునిసిపాలిటీలో మెంబరు. వీధుల్లో కిరసనాయిలు దీపాలు పెట్టించాడట. సొంత గుమ్మం ముందు పెట్టుకుంటే జనం ఏమనుకుంటారోనని తన ఇంటి దగ్గర మాత్రం వద్దన్నాడట. భార్య చీకట్లో గడప తన్నుకున్నప్పుడల్లా, "ఊరంతటికీ మెంబరుగారే, నా కాలి వేళ్ళకు తప్ప!" అని సణిగేదట. శ్రీను కూర కలుపుతూ అక్కడే కథ ఆపేసేవాడు. మేం నవ్వేవాళ్ళం.

దగ్గర్లోనే ఓక్‌విల్ అనే ఊళ్ళో ప్రసాద్ అంకుల్ ఆదివారాలు మాలాంటివాళ్ళను భోజనానికి పిలిచేవారు. ఆయనకు పాతకాలపు రాజకీయాలంటే ప్రాణం. "మీ పెద్దవాళ్ళెవరు బాబూ?" అని నన్నడిగారు. మాకు తాత పేరు దాటితే అంతా పొగమంచే. ఆ మాటే చెబితే ఏం పోయేది? అబద్ధమాడాలని అనుకోలేదు అంటే అది రెండో అబద్ధం. దీపాల కథ చెప్పాను, మా తాతకు తాతదని. అంకుల్ మురిసిపోయారు. తమ ఇంట్లో పైగది ఖాళీ అవుతోందని, నాకో, ఆ రోజు రాని శ్రీనుకో ఇస్తానని అన్నారు.

మరుసటి ఆదివారం శ్రీను కూడా వచ్చాడు.

"మా తాతగారి తాత మునిసిపల్ మెంబరు అంకుల్. వీధిదీపాలు..."

అంకుల్ పకపకా నవ్వారు. "అది ఇదిగో, మనవాడు పోయిన వారమే చెప్పాడయ్యా. పక్కవాడి తాతను ఎత్తుకొస్తే ఎట్లా?"

"అయ్యో, అది మాదే అంకుల్! అసలు చివర్లో ఆవిడకేమైందంటే... రేయ్, నువ్వన్నా చెప్పరా!"

నేను పప్పు వడ్డించుకున్నాను. పళ్ళెంలో అప్పటికే పప్పు ఉంది.

గది నాకొచ్చింది. శ్రీను నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. ఆ చలికాలమే ఎక్కడో దూరాన ఉన్న విన్నిపెగ్ వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో అతని పేరు ఇప్పటికీ 'కోతల శ్రీను'.

నేను బాగానే ఉన్నాను. ఇక్కడే స్థిరంగా ఉండేందుకు పీఆర్ వచ్చింది, ఉద్యోగముంది, ఎవరి జాకెట్టూ వేసుకోను. కొత్తగా వచ్చిన పిల్లలకు అంకుల్ నన్ను ఆ మెంబరుగారి వంశంవాడిగానే పరిచయం చేస్తారు. "చివరికి ఆ ఇంటి ముందు దీపం పెట్టారా అన్నా?" అని వాళ్ళు అడుగుతారు. పెట్టారంటాను. ఒకసారి భార్యే వెలిగించిందని చెప్పాను, ఇంకోసారి ఊరివాళ్ళు పెట్టారన్నాను.

నిజానికి ఆ చివర నాకు తెలియదు. శ్రీను చెప్పబోయిన క్షణంలోనే నేను గరిటె అందుకున్నాను. ఆవిడ పడిపోయిందా? ఆ దీపం అసలు వెలిగిందా?

తెలిసింది ఒక్కటే. ఆ పెద్దాయన మావాడు కాడు, శ్రీను వాళ్ళ తాతకు తాత. ఇదిగో, రాసేశాను. మనిషి ఇంకా భుజం మీదే ఉన్నాడు. తలపాగా ఒక్కటే దిగినట్టుంది.