ఎనిమిది వందల మీటర్ల అవతల నర్సయ్య

2025 వేసవి. రియాద్‌లో మెట్రో రైళ్లు తిరగడం మొదలై కొన్ని నెలలైంది. మెట్రో, సిటీ బస్సు, నడక మూడింటినీ కలిపి దారి చూపించే ఒక మొబైల్ యాప్‌కు నేను ప్రోగ్రామర్‌ని. మాది కడప. ఇంట్లో నన్ను ముక్కోపి అంటారు. ఇది చదివాక మీరూ అలాగే అనుకోండి, ఫర్వాలేదు.

మా పనికి గుండెకాయ క్వెరీ ఏపీఐ. అంటే ప్రశ్న పంపితే సర్వర్ నుంచి జవాబు తెచ్చిపెట్టే ఏర్పాటు. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్ని గంటలకు అని అడిగితే అది ఐటినరరీలు, అంటే ప్రయాణ మార్గాలు, ఇస్తుంది. ఒక్కో మార్గం ముక్కలుగా ఉంటుంది: ఇంత నడక, ఫలానా బస్సు, ఫలానా మెట్రో, మళ్ళీ నడక. ప్రశ్నతోపాటు షరతులు కూడా పెట్టొచ్చు. మనిషి మహా అయితే ఎంత దూరం నడుస్తాడన్నది అందులో ఒకటి.

మేం తప్పు చేసింది ఆ షరతు దగ్గరే. కంపెనీ పెద్దలకు డెమోలో యాప్ చూపించిన రోజు ఒక మార్గంలో కిలోమీటరున్నర నడక వచ్చింది. వాళ్ళు మొహం చిట్లించారు. మా మేనేజర్ ప్రసాద్ గారిది విజయవాడ. మీటింగ్ అవగానే నా సీటు దగ్గరికొచ్చారు.

"ఖాదర్, ఈ ఎండలో ఎవడు నడుస్తాడయ్యా? ఎనిమిది వందల మీటర్లు దాటితే అసలు చూపించకు. యూజర్‌కి చిరాకు."

నాకూ సబబే అనిపించింది. చెప్పింది ఆయన, టైపు చేసింది నేను. ఏసీలో కూర్చుని ఇద్దరం జనం మీద జాలిపడ్డాం.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం మధ్యాహ్నం బత్హాలోని తెలుగు మెస్‌లో భోంచేస్తున్నాను. ఆ యాప్ చేసింది నేనేనని మెస్ యజమాని ఎదుటి బల్ల దగ్గరున్న మనిషికి గొప్పగా చెప్పాడు. ఆయన కుడి కంటికి కట్టు ఉంది. చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి నా దగ్గరికి వచ్చాడు.

"గా యాప్ జేసింది నువ్వేనా?"

"నేనేన్నా. ఏమైంది?"

"నా కన్ను వోతున్నది. గదైంది."

పేరు నర్సయ్య, జగిత్యాల వైపు మనిషి. అల్ ఖర్జ్ రోడ్డు పక్కన లేబర్ క్యాంపులో ఉంటూ ఇనుప పని చేస్తాడు. గ్రైండింగ్ చేస్తుండగా కంట్లో ఇనుప రవ్వ పడితే ఆసుపత్రిలో తీశారు. వారం వారం వచ్చి చూపించుకోకపోతే చూపు దక్కదని డాక్టరమ్మ చెప్పింది. పనికి సెలవు శుక్రవారమే, ఆ రోజు ఆసుపత్రిలో ఓపీ ఉండదు. ఫోర్‌మన్ మాత్రం కంపెనీ బండి లేదన్నాడు. ఆసుపత్రికి వెళ్ళి మధ్యాహ్నం డ్యూటీకి తిరిగి రాగలవని యాప్‌లో చూపిస్తేనే పంపుతానన్నాడు. యాప్‌లో క్యాంపు నుంచి ఆసుపత్రికి అని కొడితే 'మార్గాలు లేవు' అని వచ్చింది.

"యాప్ మే రాస్తా నహీ హై, తో జాయేగా కైసే, అంటడు. యాప్ల తొవ్వే లేకుంటె ఎట్ల వోతవని. రెండు వారాల సంది పోనిస్తలేడు" అన్నాడు నర్సయ్య.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అలా ఉంది ఆ ఫోర్‌మన్ వ్యవహారం. బండీ ఇవ్వడు, బస్సులోనూ పోనివ్వడు. పోనివ్వకపోవడానికి సాకు అందించింది నేను.

అన్నం వదిలేసి ఫోన్ నుంచే సర్వర్‌కి నేరుగా క్వెరీ పంపాను. అవే రెండు చోట్లు, నడక షరతు ఒక్కటి తీసేశాను. మూడు మార్గాలు వచ్చాయి. మొదటిదాంట్లో పదమూడు వందల మీటర్ల నడక, ఒక బస్సు, ఒక మెట్రో, చివర రెండు నిమిషాల నడక.

నర్సయ్య ఫోన్‌ని మంచి కంటి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"గిదే బస్సుల గద నేను ఇయ్యాల ఇక్కడికచ్చింది! ప్రతి శుక్రవారం గంత దూరం నడుస్త. నాకు తొవ్వ తెల్వదా భాయ్? ఫోర్‌మన్ నా మాట నమ్మడు, నీ యాప్ మాట నమ్ముతడు."

నాకు తల కొట్టేసినట్లయింది. అక్కడే స్క్రీన్‌షాట్ తీసి పంపాను. అది చూపించి ఆదివారం ఆసుపత్రికి వెళ్ళాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. గాయానికి చీము పట్టి కంట్లో మచ్చ కట్టిందట. రెండు వారాల ముందు వచ్చి ఉంటే మందు మార్చేవాళ్ళమని డాక్టరమ్మ అన్నదట.

సోమవారం ప్రసాద్ గారి గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను.

"పాపం. కానీ క్యాంపులవాళ్ళు మన టార్గెట్ యూజర్స్ కాదు కదా ఖాదర్. ఎమోషనల్ అవకు."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ ఊర్లో బస్సెక్కేది వాళ్లు కాకపోతే ఇంకెవురు సార్? మీరెప్పుడన్నా ఎక్కినారా? నేనెక్కినానా?"

బయట సీట్లలో వాళ్ళంతా తలలెత్తారు. ఆయన కంప్యూటర్‌ వైపు చూసి, "సరే, మార్చు. డెమోలో మాత్రం కనపడనీయకు" అన్నారు. ఆ చివరి మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఫోర్‌మన్ మీదా మండుతుంది. అందరికన్నా ఎక్కువ, ఆ ఎనిమిది వందలు టైపు చేసి జనం మీద జాలిపడ్డాననుకున్న నా మీద.

షరతు తీసేశాను. ఎక్కువ నడవాల్సిన మార్గాలు ఇప్పుడు జాబితా చివర వస్తాయి, పక్కనే ఎన్ని మీటర్లో ఉంటుంది. నడవాలో వద్దో నడిచే మనిషి తేల్చుకుంటాడు. జవాబు ఖాళీగా వస్తే ముందు నా ప్రశ్నలో నేనేం పెట్టానో చూసుకోవాలని ఈ ఉద్యోగంలో ఆలస్యంగా నేర్చుకున్నాను. వెతకొద్దని చెప్పింది మేం, 'లేవు' అని నర్సయ్యతో అబద్ధమాడిందీ మేమే.

మార్చిన యాప్‌ని మొదట ఆయనకే పంపాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు.

"తొవ్వ మంచిగనే సూపెడుతున్నది భాయ్. అక్షరాలు జర పెద్దగ వెట్టు. ఇగ ఒక్క కన్నుతోనే సూడాలె గద."