టపాకోడలు

మా అత్త ఆనందకుమారికి ఉన్న మాటలు చాలవు. వాకాడులో మా వసారాలో కూర్చుని కుట్టుమిషను తొక్కుతూనే కొత్త మాటలు పుట్టించేస్తుంది. సెల్‌ఫోన్ ఆమెకు గోకుడుపలక. చర్చిలో పాస్టరుగారి ప్రార్థన మధ్యాహ్నం దాటిందంటే అది ఆకలారాధన. నేను కాపురానికొచ్చిన వారానికే నాకు టపాకోడలని పేరు పెట్టింది. నా కోపం టపాకాయలా పేలుతుందట. పేలుతుంది, కాదన్నానా? కానీ వీధి వీధంతా అదే పేరుతో పిలుస్తుంటే ఒళ్ళు మండదా?

మా ఇంట్లో ఒక రివాజు ఉంది. ఆమె కొత్త మాట అంటే అర్థం అడగకూడదు, మనమే ఊహించాలి. ముందు చెప్పినవాళ్ళకు ఆ పూట పులుసులో చేప తలకాయ. దానికోసం మామ, నా మొగుడు చిన్నపిల్లల్లా పోట్లాడుకుంటారు.

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున ఆమెకు కాఫీ గ్లాసు అందించాను. అందుకుని నా వైపు చూసి, "మబ్బెర లంతి పోతం" అంది.

మామ క్రీస్తుదాసు పేపరు పక్కన పడేశాడు. "కాఫీలో చక్కెర చాల్లేదంటా ఉండాది!"

"కాదు నాయనా, చర్చికి టైమయిందంట" అన్నాడు నా మొగుడు జడ్సన్. "తలకాయ నాదే!"

అత్త మళ్ళీ అదే అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమె మాట ఎంత వింతదైనా లోపల తెలిసిన ముక్క ఒకటి ఉంటుంది. ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. పైగా ఎప్పుడూ మాట అనేశాక ఆమె మూతి బిగించి, మా ముఖాలు చూస్తూ నవ్వు ఆపుకుంటుంది. ఇప్పుడు ఆ కళ్ళలో భయం తప్ప ఏమీ లేదు. మేమెందుకు నవ్వుతున్నామో ఆమెకు తెలియడం లేదు. అంతలో కుడిచేతిలోంచి గ్లాసు జారి కాఫీ ఒళ్ళో ఒలికిపోయింది. పొగలు కక్కే కాఫీ. ఆమె చెయ్యి కదల్లేదు.

"నోళ్ళు ముయ్యండి ఇద్దరూ! అత్తకి ఏందో అయింది. 108కి ఫోన్ చెయ్యవయ్యా!" అని అరిచాను.

నెల్లూరు చేరేదాకా అంబులెన్సులో ఆమె ఎడమచెయ్యి వదల్లేదు. ఆమె ఏదేదో అంటూనే ఉంది. ఒక్కటీ అర్థం కాలేదు. ప్రభువా, నన్ను ఏ పేరుతోనైనా పిలవనీ, ఊరంతటి చేతా పిలిపించనీ, ఈ నోరు మాత్రం పోనివ్వకు, అని మొక్కుకున్నాను.

మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు ఆసుపత్రిలో. తొందరగా తెచ్చారు కాబట్టి ప్రాణానికి భయం లేదు, మాట సంగతి చెప్పలేమన్నారు. ఆ తర్వాత ఆమె పూర్తిగా మూగబోయింది. అదింకా భయం. ఆ నోరు ఊరుకోవడం నేను ఏనాడూ చూడలేదు. మంచం పక్కన కూర్చుని ఏడవడమే నా పనైంది. ఎవరిమీదా అరవడానికి కూడా మనసు రాలేదు.

ఒక ఉదయం డాక్టరమ్మ వచ్చి పెన్ను చూపించింది. అత్త పలకలేదు. వాచీ చూపించింది. పలకలేదు. చివరికి నన్ను చూపించి, "ఈమె ఎవరమ్మా?" అంది.

అత్త నా ముఖం కేసి చాలాసేపు చూసింది. పెదవులు వంకరగా కదిలాయి.

"త... తడి... తడిటపా."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "మాటలింకా కలగాపులగంగానే వస్తున్నాయి. ఓపిక పట్టాలి."

మామ, జడ్సన్ తలలు వంచేసుకున్నారు. నేను మాత్రం అత్తనే చూస్తున్నాను. కదిలే సగం మూతిని బిగబట్టి, ఆమె నవ్వు ఆపుకుంటోంది.

"కలగాపులగం కాదు మేడం!" అని వార్డంతా అదిరేలా అరిచాను. "తడిసిపోయిన టపాకాయ! ఏడ్చే కోడలు, నేనే! అర్థం నేనే ముందు చెప్పినాను, తలకాయ నాదే!"