చప్పుడు లేని బండికి నేను తీసిన దిష్టి

మా వీధిలో ఇప్పటికీ ఎవరింటి ముందు కొత్త బండి ఆగినా, ముందు నా టెంపో ఎక్కడుందో చూస్తారు. అది దూరంగా ఉందని తేలాకే కొబ్బరికాయ కొడతారు. ఎందుకో చెబుతాను. సిగ్గుగానే ఉంటుంది కానీ, నేను చెప్పకపోతే మా ఆవిడ సువర్ణ చెబుతుంది. ఆమె చెప్పేదాంట్లో నేను ఇంకా పెద్ద వెధవను.

మాది సిరిసిల్ల వైపు. సూరత్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, ఉండేది అమ్రోలిలో. మొదట మగ్గం మీద పనిచేసి, తర్వాత ఒక పాత డీజిల్ టెంపో కొనుక్కుని కార్ఖానాల బట్ట మోస్తున్నాను. దాన్ని స్టార్టు చేస్తే వీధి మొదట్లో పసిపిల్లలు లేచి ఏడుస్తారు. సాయంత్రం మలుపు దగ్గర దాని గడగడ వినపడగానే సువర్ణ పొయ్యి మీద పెనం పెడుతుంది. పొగ సంగతి నన్ను అడగకండి, నా వెనక వచ్చేవాళ్ళను అడగండి.

ఆ టెంపోకు ఒక గౌరవం ఉంది. తొమ్మిదేళ్ళపాటు సద్దుల బతుకమ్మ నాడు మా వీధి బతుకమ్మలన్నీ దాని మీదే తాపీ నది ఒడ్డుకు వెళ్ళేవి. ఆడవాళ్ళంతా ఎక్కి కూర్చుంటే, తలకు కొత్త తువ్వాలు చుట్టి నేను నడిపేవాణ్ణి. ఒడ్డున మా వీధి పెద్ద నర్సవ్వ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీదలో మొదటి ముద్ద నా చేతిలోనే పెట్టేది. ఏడాదంతా సేట్ల తిట్లు తినే మనిషికి ఆ ముద్ద ఎంత తీపిగా ఉంటుందో మీకు తెలియదు.

ఇక నా బామ్మర్ది శీను. వాడికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది నేనే. అట్లాంటివాడు రెండేళ్ళ కిందట, సద్దులకు ముందురోజు, తెల్లటి ఎలక్ట్రిక్ పికప్పు తెచ్చి నా వెనక ఆపాడు. ఆపాడంటే మీరు ఏదో చప్పుడు ఊహించుకుంటారు. ఏమీ లేదు. చాయ్ తాగుతూ వెనక్కి తిరిగాను, బండి ఉంది. పాలగిన్నె దగ్గరికి పిల్లి వచ్చినట్టు వచ్చింది.

"బావా, ఎట్లుంది?"

"ఎట్లుంటది? ఫ్రిజ్జుకు చక్రాలు పెట్టినట్టుంది."

నిజం చెప్పాలంటే చాలా బాగుంది. సీట్లకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. అద్దంలో నా మొహం నాకే తెల్లగా కనిపించింది. నాకు కుళ్ళు పుట్టింది. దాచడమెందుకు, ఒళ్ళంతా కుళ్ళే. ఆ బండిలో మంట అనేదే ఉండదట. ఉండాల్సిన మంటంతా నా కడుపులో ఉంది.

చాయ్ బండి దగ్గరే పంచాయితీ మొదలుపెట్టాను.

"మాల్ ఎక్కినంక కామ్‌రేజ్ దాక పోతదారా ఇది? నడుమల ఆగితే డబ్బాల కరెంటు పట్టుకపోతవా?"

"పోయి వస్తది బావా. ఫోనుకు పెట్టినట్టు చార్జింగు పెట్టుడే. పంపు కాడ లైను గూడ ఉండది."

"బలమెక్కడిది దీనికి? గుర్రుమననిది గుంజుతదా?"

"గుర్రుమంటేనే గుంజుతదంటే, నువ్వు పడుకున్నప్పుడు మంచం ఊరు దాటాలె," అంది సువర్ణ. ఆమె ఎవరివైపో చూశారుగా. తోడబుట్టినవాడు పికప్పు కొంటే కట్టుకున్నవాడు గురక అయిపోతాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. నర్సవ్వ వచ్చి కొత్త బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, నా గుండెలో రాయి వేసింది.

"రాజేశం, ఈ ఏడు బతుకమ్మల్ని దీంట్ల తీస్కపోదామా? నీ బండి చప్పుడుకు మా పాట మాకే వినవడదు. పోయినేడు పొగకు ఒకటే దగ్గు."

తొమ్మిదేళ్ళ సేవ! తొమ్మిది మలీద ముద్దలు! నోట్లో ముద్ద లాక్కున్నట్టయింది. ఆలోచించకుండా అనేశాను.

"అవ్వా, నీళ్ళ కాడికి కరెంటు బండా? తడి కాళ్ళతోటి ఎక్కుతరు. షాక్ కొడ్తే ఎవ్వలు జిమ్మేదారి?"

నర్సవ్వ చెయ్యి పికప్పు మీద నుంచి చటుక్కున వెనక్కి వచ్చింది. "అమ్మో! నిజమేనా?"

"గట్లేం కొట్టదవ్వా," అన్నాడు శీను.

"వాడు నిన్న కొన్నడు. నేను పదిహేనేండ్ల డ్రైవర్‌ను," అన్నాను.

పదిహేనేళ్ళ అనుభవమే గెలిచింది. బతుకమ్మలు నా టెంపోలోనే అని ఖాయమైంది. అబద్ధం చెప్పానన్న బాధ నాకు ఉందా అని అడుగుతారేమో. ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

మర్నాడు పొద్దున్నే శీను బండికి పూజ. నేను అంతకంటే ముందే లేచి నా టెంపోను కడిగి, రెండు మూరలు ఎక్కువే బంతిపూలు కట్టి, పికప్పు ముక్కుకు ముక్కు పెట్టినట్టు సరిగ్గా ఎదురుగా నిలబెట్టాను. వచ్చేవాళ్ళ చూపు మొదట నా దాని మీద పడాలని. ఈ ముక్కులు గుర్తుపెట్టుకోండి.

శీను భార్య లత పసుపుకుంకుమలు పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అన్నా, ఇంటికి పెద్దోనివి. దిష్టి నువ్వే తియ్యాలె. అందరి కండ్లు దీని మీదనే ఉన్నయి."

అందరి కళ్ళ సంగతేమో కానీ, నావి మాత్రం నిన్నటి నుంచి దాని మీదే ఉన్నాయి. దొంగకే తాళం చెవి ఇచ్చినట్టు, దిష్టి పెట్టినవాడికే గుమ్మడికాయ ఇచ్చింది. బండి చుట్టూ తిప్పుతూ మొదలుపెట్టాను. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వచ్చేటోళ్ళ దిష్టి, పోయేటోళ్ళ దిష్టి..."

"ఇంటోళ్ళ దిష్టి గూడ," అని అందించింది సువర్ణ.

"...ఇంటోళ్ళ దిష్టి. చెడు చూపు చూసినోని..." ఇక్కడ గొంతు తగ్గించాను.

"గట్టిగ అనాలె రాజేశం, లేకుంటే తగలది," అంది నర్సవ్వ.

"చెడు చూపు చూసినోని బండి పాడుగాను!" అని అరిచి గుమ్మడికాయ పగలగొట్టాను. కన్ను పేలిపోవాలి అనాలి నిజానికి. నా కళ్ళు నాకు కావాలి కదా అని అక్కడికక్కడ మార్చాను. ఆ తొందరలో నాకూ ఒక బండి ఉందన్న సంగతి గుర్తు రాలేదు.

నిమ్మకాయలు తొక్కించడం కూడా పెద్దవాడి పనేనట. పికప్పు ఎక్కి కూర్చున్నాను. శీను కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు, ఏదో గుండ్రటిది ముందుకు తిప్పాడు, హ్యాండు బ్రేకు దించాడు.

"ఇగ మెల్లగ కాలు పెట్టు బావా. ఆన్ అయింది."

"యాడ ఆన్ అయింది? చప్పుడేది?"

"చప్పుడు రాదు బావా. అగో, పచ్చ లైటు."

"లైటు సైకిలుకు గూడ ఉంటది. నాకు నేర్పుతవా?"

నా డీజిల్ టెంపోకు పొద్దున్నపూట ఒక పద్ధతి ఉంది. యాక్సిలేటరును మూడుసార్లు నేల తాకేదాకా తొక్కితే గానీ దానికి ప్రాణం రాదు. పదిహేనేళ్ళుగా నా కుడికాలు చేసే మొదటి పని అదే. అదే చేయబోయాను.

మూడుసార్లు అవసరం లేకపోయింది.

బలం లేదన్న బండి ఎగిరి దూకింది. నిమ్మకాయలు ఎప్పుడు పగిలాయో తెలియదు. ధడేల్‌మంది. బ్రేకు మీదికి కాలు వచ్చేసరికి నా టెంపో ముక్కు లోపలికి పోయి, రేడియేటర్ నుంచి కుళాయి ఊడినట్టు బుస్సుమని నీళ్ళు చిమ్మాయి. బంతిపూలు రెండు బండ్ల మధ్య పచ్చడయ్యాయి. నరుడి కన్ను పడితే నల్లరాయి పగులుతుందంటారు. నల్లరాయి సంగతి నేను చూడలేదు, రేడియేటర్ మాత్రం పగిలింది.

పికప్పుకు బంపరు మీద ఒక గీత పడింది, అంతే. కానీ శీను మొహం చూడలేకపోయాను. వాడు ఆ బండిని ఇంకా ఒక్క బేరానికైనా తీసుకెళ్ళలేదు. "బావా, నీకేం తాకలే గద?" అన్నాడు. దానికంటే రెండు తగిలించినా బాగుండేది.

మెకానిక్‌కు ఫోన్ చేస్తే పండగకు ఊరెళ్ళాడు. పొద్దు వాలింది. ఆడవాళ్ళంతా కొత్త చీరలతో, నెత్తిన బతుకమ్మలతో వీధిలో నిలబడ్డారు. తాపీ చూస్తే దూరం.

"ఎక్కుండ్రి, పికప్పుల పోదాం," అన్నాడు శీను. ఒక్కరూ కదల్లేదు.

"షాక్ కొడ్తదట గద!" అంది నర్సవ్వ.

నేను ముందుకు వచ్చాను. "అవ్వా, కొట్టది. నేను ఊరికెనే అన్న."

"నిన్న కొడ్తదంటివి, ఇయ్యాల కొట్టదంటివి. నీ బండి చెడిపోయిందని మమ్ముల చంపుతవా?"

"లేదవ్వా, కుళ్ళుతోటి అన్న! వాని బండి చూసి ఓర్వలేక అన్న!"

వీధి మొత్తం వింది. సువర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. ఇంత నిజం చెప్పినా నర్సవ్వ నమ్మలేదు. నా అబద్ధానికి ఉన్న పరపతి నా నిజానికి లేదు.

చివరికి శీను తాడు తెచ్చాడు. "మీరంత బావ బండిలనే కూసోండ్రి. ముందల నేను గుంజుత."

"తాడుల నుంచి కరెంటు రాదు గద కొడుకా?"

"రాదవ్వా."

అలా పదో ఏడు కూడా బతుకమ్మలు నా టెంపోలోనే వెళ్ళాయి. తలకు తువ్వాలు చుట్టుకుని, చచ్చిన ఇంజను ముందు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. ముందు తెల్ల పికప్పు, అంతమంది బరువునూ గుర్రుమనకుండా లాగుతూ మనిషి నడక మీద పోతోంది. చప్పుడు లేదు, పొగ లేదు. పదేళ్ళలో మొదటిసారి వెనక నుంచి పాట ముక్క పోకుండా వినపడింది. ఎంత బాగా పాడతారు వీళ్ళు!

దిగుతూ నర్సవ్వ టెంపోను తట్టింది. "రాజేశం, నీ బండి ఇన్నేండ్లల్ల గింత మంచిగ ఎన్నడు నడువలే. ఏం చేయించినవ్?"

మొదటి మలీద ముద్ద శీను చేతిలోకి వెళ్ళింది. వాడు దాన్ని సగం చేసి నాకిచ్చాడు. ఆ సగం ముద్ద చేత్తో పట్టుకుని, తాపీ నీళ్ళ సాక్షిగా ఒట్టు వేశాను. ఇక ఈ జన్మలో ఎవరి బండికీ దిష్టి తీయను, పచ్చ లైటును అవమానించను, తప్పదంటే నా టెంపోను రెండు వీధుల అవతల పెట్టి వస్తాను.

కుళ్ళుకోనని మాత్రం అనలేదు. అప్పటికే నా కళ్ళు వాడి చేతిలో మిగిలిన సగం ముద్ద మీద ఉన్నాయి. అది కొంచెం పెద్దది.