గోటి మీద పాలచుక్క

మా పక్క క్వార్టర్ మామ్మ పాలు పోయించుకునే ముందు ఒక చుక్క బొటనవేలి గోటి మీద వేయించుకునేది. గార్డు జెండా ఎత్తినంత దర్జాగా ఆ వేలెత్తి, చుక్క నిలిచిందో జారిందో చూసి తీర్పు చెప్పేది.

"జెర్సీ పాలు టీకి. హెచ్ఎఫ్ ఆవు నీళ్లపాలు గిన్నెలు కడగడానికి. తాగడానికి మాత్రం గిర్ ఆవు పాలే!"

మా రైల్వే కాలనీలో తిరిగి తిరిగి తెలుగు పట్టేసిన, మస్తూరీ అనే ఊరి హిందీ పాలవాడు, తన గిర్ ఆవు లాలీ పాలు ఆమె కోసం చిన్న క్యానులో విడిగా తెచ్చేవాడు. "లాలీ ఎలాగుంది?" అని ఆమె రోజూ అడిగేది.

ఒకరోజు అతను నాతో గొంతు తగ్గించి, లాలీ చనిపోయి నెలయిందనీ, ఆ క్యానులోవి హెచ్ఎఫ్ పాలనీ చెప్పాడు. "అమ్మాజీకి చెప్పొద్దు" అని బతిమాలాడు. మరి ఆ నెలంతా మామ్మ "అచ్ఛా, పాలంటే ఇవీ!" అంటూనే ఉంది!

ఉండబట్టలేక మామ్మకి చెప్పేశాను.

"నాకు తెల్దేటే? మొదటిరోజే సుక్క జారిపోనాది. ఆడు లాలీ కబుర్లు సెప్పుకునేది నా గుమ్మంలోనే కదే. నాకు తెలుసని ఆడికి సెప్పకు."

మర్నాడు ఇద్దరి రహస్యాలూ మోస్తూ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. మామ్మ గోటి మీది చుక్క మణికట్టు దాకా జారింది.

"లాలీ ఎలాగుంది?"

"నిన్న తాడు తెంపుకుని పక్కోళ్ల చేలో పడింది, అమ్మాజీ!"

మామ్మ పగలబడి నవ్వి, లోపలికెళ్లి లాలీ కోసం బెల్లంముక్క తెచ్చింది. అతను దాన్ని జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.